ఆయన రెజ్యూమెలో నేను రాసిన వాక్యం

మా కంపెనీ ఆఫీసు బెంగళూరు నగర్తపేటలో ఒక ఇరుకు సందులో, మేడ మీద గదిలో ఉండేది. కింద వెండి కాళ్ళపట్టీలు చేసే కార్ఖానా, పైన మేము. సాఫ్ట్‌వేర్ డెవలపర్లను వెతికి, పరీక్షించి, వాళ్ళు కావలసిన కంపెనీలకు పంపించడం మా పని. ఆ కంపెనీల్లో ఒక్కటీ మా చుట్టుపక్కల లేదు. అన్నీ ఔటర్ రింగ్ రోడ్డు మీదా, వైట్‌ఫీల్డ్‌లోనూ అద్దాల భవనాల్లో ఉండేవి. వీడియో కాల్‌లో క్లయింటు మాట్లాడుతుంటే కింది నుంచి సుత్తి దెబ్బలు వినపడేవి. "మీ దగ్గర బిల్డింగు పనేదో జరుగుతున్నట్టుందే" అనేవాళ్ళు. అవునంటే సరిపోయేది. నేను మాత్రం "కింద వెండిపని చేస్తారండీ" అని చెప్పేవాణ్ణి. అంత చిన్న విషయంలో కూడా అబద్ధం ఆడకూడదని పట్టుదలగా ఉండేది అప్పట్లో.

ఆ గదీ, కింది కార్ఖానా కంపెనీలో నా భాగస్వామి తండ్రివి. ఆమె నాకంటే ఆరేళ్ళు పెద్ద. నేను అక్కా అనేవాణ్ణి. వాళ్ళు నాలుగు తరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, రెండూ కలిసిపోయిన మాట ఆమెది. నేను మదనపల్లె నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి ఆ మాట నాకు పరాయిగా అనిపించేది కాదు. అంతకుముందు ఇద్దరం ఇదే పని చేసే ఒక పెద్ద స్టాఫింగ్ కంపెనీలో ఆరేళ్ళు కలిసి పనిచేశాం. ఆమె డెవలపర్లకు సాంకేతిక పరీక్ష పెట్టేది. నేను రెజ్యూమెలు వండేవాణ్ణి.

వండటం అనే మాట ఆ ఆఫీసులో అందరూ వాడేదే. రెండేళ్ళ అనుభవాన్ని ఐదేళ్ళు చేయడం, చూడని ప్రాజెక్టును చేసినట్టు రాయడం, మధ్యలో ఖాళీగా ఉన్న నెలలను ఎప్పుడో మూతపడిన కంపెనీ పేరుతో పూడ్చడం. నాకు ఆ పనిలో మంచి పేరుండేది. ఒకరోజు నేను వండిన రెజ్యూమెతో ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి దొరికిపోయింది. అదే రోజు నేను ఆ క్లయింటు ఆఫీసుకు వేరే పని మీద వెళ్ళాను. సెక్యూరిటీ మనిషి పక్కన నడుస్తూ ఆ అమ్మాయి గేటు దాకా వచ్చింది. మెడలోని ఐడీ కార్డు తీసి ఇచ్చేసింది. నన్ను చూసి, "అది మీరు రాసిందే కదా సార్" అంది. కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు. నేను ఫోను చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత మూడు నెలలకు మేమిద్దరం ఉద్యోగం మానేసి సొంత కంపెనీ పెట్టుకున్నాం. ఇందులో ఏదీ దాచకూడదని ముందే అనుకున్నాం. డెవలపర్ కోసం క్లయింటు మాకు ఎంత ఇస్తాడో, అందులో మేం ఎంత ఉంచుకుంటామో డెవలపర్‌కు తెలియాలి. రెజ్యూమెలో ఉన్నది ఉన్నట్టే రాయాలి. డెవలపర్ గురించి క్లయింటు ఏమన్నా ఒక్క మాట మార్చకుండా అతనికి చేరాలి. మేమిద్దరం కూడా ఒకే మెయిల్‌బాక్సు వాడాలి, ఒకరికి తెలియకుండా ఇంకొకరు ఏ ఉత్తరమూ రాయకూడదు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి కింద సంతకాలు చేశాం.

అక్క వాళ్ళ నాన్న ఆ కాగితం చదివించుకుని విన్నాడు. తర్వాత, "చొక్కం వెండి మెత్తగా ఉంటాదప్పా. దాంతో పట్టీ చేస్తే నాలుగు దినాలకే వంగిపోతాది. రాగి కలపాల. ఎంత కలిపినామో అడిగినోళ్ళకి చెప్పాల. నాకు తెలిసిన నిజాయితీ అంతే" అన్నాడు. పాతకాలపు మనిషి అనుకుని నవ్వి ఊరుకున్నాను.

మొదటి రెండేళ్ళు బాగానే నడిచింది. పెద్దగా మిగిలిందేమీ లేదు గానీ మాకు మంచి పేరొచ్చింది. ఆ ఇరుకు మెట్లెక్కి డెవలపర్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. అలా వచ్చినవాళ్ళలో ఆయన ఒకరు.

నలభై మూడేళ్ళుంటాయి. మహబూబ్‌నగర్ వైపు మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, రెజ్యూమెను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చారు. అక్క ఆయన్ని లోపలి గదిలోకి తీసుకెళ్ళి గంటన్నర సేపు పరీక్షించింది. బయటికొచ్చి నాతో, "మనిషికి పని వచ్చు అప్పా. బాగా వచ్చు. మనం చూసినోళ్ళలో ఇంత శుభ్రంగా రాసినోళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండారు, అంతే. కానీ ఏమడిగినా ముందు సారీ అంటాడు, తర్వాత జవాబు చెప్తాడు" అంది.

నేను రెజ్యూమె చూశాను. పదకొండేళ్ళు ఒకే కంపెనీ. తర్వాత మూడున్నరేళ్ళు ఖాళీ.

"అన్నా, ఈ మూడున్నరేళ్ళు ఏం చేశారు?"

"ఫ్రీలాన్స్ అని రాయండి సార్." నాకంటే పదేళ్ళు పెద్దవాడు, నన్ను సార్ అంటున్నాడు. వద్దని చెప్పినా మానలేదు.

"ఫ్రీలాన్స్ చేశారా?"

ఆయన కవరు అంచును గోటితో గీస్తూ కూర్చున్నారు. "లేదు సార్. మా టీమ్ మొత్తాన్ని ఒకటే దినం తీసేసిన్రు. ఒక ఏడాది మస్తు తిరిగిన. ఎవరూ తీసుకోలె. అటెన్క కారు నడిపిన."

విమానాశ్రయం టాక్సీ. కారు లీజుకు తీసుకుని, దేవనహళ్ళిలో ఇల్లు అద్దెకు తీసుకుని, రెండున్నరేళ్ళు అదే పని. పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంట్లోంచి బయలుదేరి, కారులో యూనిఫాం మార్చుకునేవారట. భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. విమానాశ్రయం పక్క పార్కింగులో తన వంతు కోసం రెండేసి గంటలు ఆగాల్సి వచ్చేది. ఆ సమయంలో సీటు వెనక్కి వాల్చుకుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, కొత్తగా వచ్చినవన్నీ నేర్చుకున్నారు. అందుకే అక్క అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పగలిగారు.

నాకు ఒళ్ళు పులకరించింది. ఇంత గొప్ప సంగతిని దాచుకోవడమేమిటి అనిపించింది. ఆయన ముందే కంప్యూటర్ తెరిచి రాశాను. 'రెండున్నరేళ్ళు విమానాశ్రయం టాక్సీ నడిపారు. ఆ కాలంలో, ప్రయాణికుల కోసం ఎదురుచూసే గంటల్లో, కింద చెప్పినవి స్వయంగా నేర్చుకున్నారు.' ఆ వాక్యం రాసినందుకు నాకు చాలా గర్వంగా అనిపించింది. ఇంగ్లీషులో ఇంకా బాగుంది.

ఆయన తెర వైపు చూశారు. "గట్ల వద్దు సార్. జెర వేరే తీరుగ రాయండి."

"ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందన్నా? దొంగతనం చేశారా? ఇది చదివిన మంచి క్లయింటు ఎవడైనా మిమ్మల్ని వెంటనే పిలుస్తాడు. పిలవని చోట పనిచేయాల్సిన అవసరం మీకు లేదు."

చాలాసేపు మాట్లాడాను. గేటు దగ్గర ఐడీ కార్డు ఇచ్చేసిన అమ్మాయి గురించి కూడా చెప్పాను. ఆయన తలొంచుకుని విన్నారు. చివరికి, "మీరంటున్నరు కద సార్, రాయండి" అన్నారు. మా నియమం ప్రకారం రెజ్యూమె కింద సంతకం పెట్టమంటే పెట్టారు. దాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను. మూడున్నరేళ్ళు ఉద్యోగం లేని మనిషి, ఉద్యోగం ఇప్పించేవాడి ముందు కూర్చుని పెట్టిన సంతకం అది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

నేను చెప్పినట్టే జరగడం మా దురదృష్టం. ఆరు కంపెనీలు జవాబివ్వలేదు గానీ ఏడోది పిలిచింది. అక్కడి పెద్ద మేనేజరు నాకు ఫోన్ చేసి, "ఇంత సూటిగా రాసిన రెజ్యూమె నేనెప్పుడూ చూడలేదండీ" అన్నారు. రెండో వారంలో ఆయన పనిలో చేరారు. జీతం మా కంపెనీ ఇస్తుంది, పని వాళ్ళ ఆఫీసులో. దేవనహళ్ళి నుంచి రెండు బస్సులు మారి వెళ్ళేవారు. చేరిన రోజు ఆయన మా గదికి వచ్చి ఒక డబ్బా మైసూర్‌పాక్ ఇచ్చారు. కింద కార్ఖానాలో ఉన్నవాళ్ళకు కూడా పంచారు.

ఆ రోజు సాయంత్రమే నేను ఆయన కథను సోషల్ మీడియాలో పెట్టాను. పేరు రాయలేదు. ఊరు, వయసు, పదకొండేళ్ళ ఉద్యోగం, పార్కింగులో చదువు, ఇప్పుడు చేరిన ఏరియా అన్నీ రాశాను. దాచనివాళ్ళకే కాలం కలిసొస్తుందని ముగించాను. మా కంపెనీ గురించి రాసిన వాటిలో దేన్నీ అంతమంది చదవలేదు. ఎవరెవరో ఫోన్లు చేశారు, ఇద్దరు కొత్త క్లయింట్లు కూడా వచ్చారు. అక్క మాత్రం చదివి, "ఆయన్ని అడిగినావా?" అంది.

"పేరు లేదు కదక్కా."

"పేరు లేదు. ముఖం ఉండాది" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. నేను తీసేయలేదు.

తర్వాత పది నెలలు ఆయన నుంచి ఫిర్యాదు లేదు. నెలకోసారి నేను ఫోన్ చేస్తే "మంచిగనే ఉంది సార్" అనేవారు. ఆ మాటలో ఏమీ ఉండేది కాదు. వినేవాడికి అనుమానం వచ్చి ఉండాల్సింది. మనిషి నిజంగా బాగుంటే ఒక మాట ఎక్కువే మాట్లాడతాడు.

పదకొండో నెలలో క్లయింటు దగ్గర నుంచి ఆయన మీద నివేదిక వచ్చింది. పంపింది పెద్ద మేనేజరు కాదు, ఆ మేనేజరు కింద పనిచేసే టీమ్ లీడు. పనిలో లోపం లేదు. మీటింగుల్లో నోరు విప్పరు. మధ్యాహ్నం భోజనానికి ఎవరితోనూ కూర్చోరు. బాధ్యత ఇస్తే తీసుకోరు. చివర్లో ఒక వాక్యం. 'డ్రైవరుగా పనిచేసిన కాలపు ప్రవర్తన ఇంకా పోలేదు, ఎప్పుడూ ఆర్డరు కోసం ఎదురుచూస్తారు.'

మెయిల్‌బాక్సు ఇద్దరిదీ కాబట్టి అక్క కూడా చదివింది. కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"చివరి లైను తీసేసి పంపప్పా."

"ఉన్నది ఉన్నట్టు పంపాలని కదా అక్కా మన నియమం."

"నియమం మనం రాసుకున్నిందే కదా. దేవుడేమీ రాసిచ్చిండ్లేదే."

"ఇవాళ ఒక లైను తీసేస్తే రేపు పేరా తీసేస్తాం. ఆ పాత కంపెనీకీ మనకూ తేడా ఏముంటుంది?"

"లైను తీసేదానికీ ఒకరిని మోసం చేసేదానికీ చాలా తేడా ఉండాది. నీకు తెలీకపోతే నేనేమి చెప్పేది?" అంది. నేను ఆమె ఎదుటే పంపించాను. పైన ఓ రెండు మాటలు నావి జోడించాను. దీన్ని విమర్శగా తీసుకోవద్దు, ఎదుగుదలకు మెట్టు అనుకోండి అని.

మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్ళలేదు. మధ్యాహ్నానికి రాజీనామా వచ్చింది, రెండే రెండు లైన్లు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వారం రోజులు చేశాను. ఆదివారం నాడు బండి తీసుకుని దేవనహళ్ళి వెళ్ళాను.

కోట గోడ వెనకవైపు సందులో రెండు గదుల ఇల్లు. ఆయన లేరు. భార్య తలుపు తీసింది. నేనెవరో చెబితే ఒక క్షణం గడపలోనే నిలబడిపోయింది. తర్వాత లోపలికి రమ్మని కుర్చీ వేసింది. ఒక ప్లేస్కూల్లో చిన్న పిల్లల్ని చూసుకునే పని చేస్తుందట. నీళ్ళిచ్చి ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడింది.

"కారు మల్ల తీసుకున్నడు సార్. పొద్దున పోయిండు."

"ఏం జరిగిందమ్మా? నాతో ఒక్క మాటైనా చెప్పలేదు."

"మీతోని ఏం చెప్తడు సార్." ఆమె గొంతు పెంచలేదు. "చేరిన నెలకే తెలిసిపోయింది ఆడ అందరికీ. మీరు రాసిన కాయితం అందరు చదివిన్రంట. మీరు ఫోన్ల పెట్టింది గూడ. క్యాబన్న అని పేరు పెట్టిన్రు. నవ్వుతనే పిలుస్తరంట, తిట్టినట్టు గాదు. ఆ లీడు ఊరికి పోవాలంటే, నీకు తొవ్వ తెలుసు గద అని ఆయన కారు తాళాలు ఈయనకిచ్చెటోడు. ఎయిర్‌పోర్టుల దింపి, కారు మల్ల ఆఫీసుకు తెచ్చి పెట్టాలె. మూడు సార్లు పోయిండు."

"కాదని ఉండాల్సింది కదా!"

"ఎట్లంటడు సార్? అంటే పొగరంటరు. అనకపోతే ఆర్డర్ కోసం చూస్తడని రాసిన్రు." అంటే ఆ నివేదిక ఆమె కూడా చదివింది. "మా తమ్ముడు హైదరాబాదుల ఉంటడు. మీరు పెట్టింది ఎవరో పంపితే చూసి, ఇది బావేనా అని మా ఇంటోళ్ళ గ్రూపుల అడిగిండు. అందరి ముంగట. రెండున్నరేండ్లు మేమిద్దరం దాచుకున్నం సార్, మా పిల్లకు గూడ చెప్పలె."

నేను ఏదో అనబోయాను. దాచాల్సిన తప్పేమీ కాదని అనబోయాను కాబోలు. ఆమె చేయి అడ్డంగా ఊపింది.

"నిజం చెప్పొద్దని నేనంటలేను. మా ఆయన నిజం మా ఆయన చెప్పుకుంటడు. ఎప్పుడు చెప్పాల్నో, ఎవరికి చెప్పాల్నో ఆయనకు తెల్వదా? మీరెందుకు చెప్పిన్రు?"

కాసేపటికి ఆమే టీ పెట్టింది. తాగకుండా వస్తే బాగుండదని తాగాను. వచ్చేటప్పుడు, "మీరొచ్చిన్రని చెప్త సార్" అంది మామూలుగా. ఇంటికి వెళ్ళకముందే రోడ్డు పక్కన బండి ఆపి ఆ పోస్టు తీసేశాను. దాదాపు ఏడాది పాటు వేలమంది చదివేసిన తర్వాత.

సోమవారం అక్కకు అంతా చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. టీమ్ లీడు గురించి పెద్ద మేనేజరుకు ఇద్దరం కలిసి మెయిలు రాశాం. విచారిస్తామని జవాబొచ్చింది. రెండు నెలల తర్వాత ఆ కంపెనీ మా ఒప్పందాన్ని పొడిగించలేదు.

అప్పటి నుంచి మా పని తగ్గుతూ వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందని చెప్పలేను. కోడ్ రాసే యంత్రాలు వచ్చి, కొత్తవాళ్ళను తీసుకోవడం అందరూ తగ్గించారు. మా లెక్కలు చూసిన డెవలపర్లు కొందరు క్లయింట్లతో నేరుగా మాట్లాడుకుని వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు, చూపించింది మేమే. అక్కా నేనూ ఆ గదిలో ఎదురెదురుగా కూర్చుని, అవసరమైన మాటలే మాట్లాడుకునేవాళ్ళం.

ఆయన వెళ్ళిపోయిన ఆరు నెలలకు ఒక ఉదయం నాకు ఫోన్ వచ్చింది. ఆయనే.

"సార్, ఒక కంపెనీల సెలెక్ట్ అయిన. ఈడనే హెబ్బాళ దగ్గర. మీకొక మెయిల్ వస్తది."

"చాలా సంతోషం అన్నా."

"వేరే ఏజెన్సీ వాళ్ళు ప్రొఫైల్ చేసిన్రు." కొంచెం ఆగారు. "మీ దగ్గర మూడేండ్లు చేసినట్టు పెట్టిన్రు."

పదకొండు నెలలే కదన్నా అనబోయాను.

"నేను చెయ్యమని అడుగుత లేను సార్. వస్తదని చెప్పేటందుకు చేసిన. మీ ఇష్టం." ఫోన్ పెట్టేశారు.

మధ్యాహ్నానికి మెయిలు వచ్చింది. ఉద్యోగుల వివరాలు సరిచూసే సంస్థ ఒకటి పంపింది. ఈ వ్యక్తి మీ దగ్గర మూడేళ్ళు పనిచేసిన మాట నిజమేనా, తేదీలు సరిచూసి చెప్పండి, నాలుగు పనిదినాల్లో జవాబివ్వండి అని. అక్క చదివింది. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"ఉండాడని రాసెయ్యప్పా. మూడేండ్లు."

"పదకొండు నెలలక్కా."

"తెలుసు. ఆయన జీవితం నుంచి మనం తీసుకునిండేది తిరిగి ఇస్తాండామనుకో. నువ్వు రాయకపోతే నేను రాస్తాను."

"నేనే రాస్తాను" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. రాయాలనే అనుకున్నానేమో. జవాబు తెరిచి మూడేళ్ళని రాశాను. గేటు దగ్గరి అమ్మాయి ముఖం గుర్తొచ్చి చెరిపేశాను. రేపెప్పుడైనా ఆయన దొరికిపోతే, సెక్యూరిటీ మనిషి పక్కన నడుస్తూ ఆయన కూడా గేటు దాకా వస్తే? పదకొండు నెలలని రాశాను. గోడకు ఆనుకుని నిలబడ్డ ఆయన భార్య గుర్తొచ్చింది. అదీ చెరిపేశాను. రెండో రోజు, మూడో రోజు అదే పని. ఆ సంస్థ నుంచి గుర్తుచేస్తూ ఒక మెయిలు వచ్చింది. నాలుగో రోజు వేరే పనులు పెట్టుకుని ఆఫీసుకే పోలేదు. సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"పంపినావా?"

"పంపాను" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. మెయిల్‌బాక్సు తెరిచి చూస్తే తెలిసిపోయేదే, కానీ ఆమె చూడలేదు, నమ్మింది.

గడువు దాటిపోయింది. సమాధానం రానందున వివరాలు నిర్ధారించలేకపోయామని ఆ సంస్థ నుంచి చివరి మెయిలు వచ్చింది. మా ఇద్దరి మెయిల్‌బాక్సులోకే. నేను మర్నాడు వెళ్ళేసరికి అక్క దాన్ని తెర మీద తెరిచి పెట్టుకుని కూర్చుని ఉంది. కింద సుత్తుల చప్పుడు ఇంకా మొదలవలేదు.

"నువ్వు అబద్ధం రాసుంటే నీ పక్కన నిలబడుంటాను. నిజం రాసుంటే రెండు దినాలు కొట్లాడి ఊరుకునుంటాను. ఇదేందప్పా? ఏదీ రాయకుండా, నాకు పంపినానని చెప్పేది ఏంది?"

నాకు భయమేసిందని చెప్పాను. అదొక్కటే నేను ఆ రోజు చెప్పగలిగిన నిజం. ఆమె తల పంకించింది. ఆ మధ్యాహ్నమే కంపెనీ మూసేద్దామంది. గొడవేమీ జరగలేదు. మిగిలిన తొమ్మిది మంది డెవలపర్లను ఇంకో సంస్థకు అప్పజెప్పడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆమె నాతో మర్యాదగానే ఉంది. అదే భరించడం కష్టమయింది. చివరి రోజు గది తాళాలు వాళ్ళ నాన్న చేతికిచ్చాను. మంచిదప్పా అని తీసుకుని, టీ తాగి పొమ్మన్నాడు.

ఇప్పుడు నేను ఇంకొకరి కంపెనీలో మనుషుల్ని తీసుకునే విభాగంలో పనిచేస్తున్నాను. అక్క ఎక్కడో డెవలపరుగా చేరిందని విన్నాను. పండగలకు ఒక మెసేజ్ పెడితే ఒక దణ్ణం బొమ్మ వస్తుంది.

ఆయనకు ఫోన్ చేయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఎత్తరనుకున్నాను. రెండో రింగుకే ఎత్తారు.

"అన్నా, ఆ మెయిలుకు నేను జవాబివ్వలేదు."

"తెలుసు సార్. వాళ్ళే చెప్పిన్రు. వేరేటోళ్ళను తీసుకున్నరు."

"మీకు ఎలా చెప్పాలో తెలియలేదు. కాదని కూడా రాయలేదు నేను..."

"రాసినా, రాయకున్నా అయిపోయింది కద సార్." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. వెనక ఎవరో కన్నడంలో కారు నంబర్లు పిలుస్తున్నారు. "మూడేండ్లని రాస్తరనుకోలె నేను. పదకొండు నెలలని రాస్తరనుకున్న. మీ సంగతి నాకెరికే. అదన్న వస్తే ఆ పదకొండు నెలలన్న నిలబడుతుండె. ఆ కంపెనీ హెచ్ఆర్ మేడమ్ మంచిది, నేను ఉన్న సంగతి చెప్తే, అది గూడ చాలు అన్నది. ఏ జవాబు రాకపోయేసరికి, అసలు మీ దగ్గర చెయ్యనే లేదనుకున్నరు."

నేను ఆ సంగతి ఎన్నడూ ఊహించలేదు. నిజం రాసినా ఆయనకు ఉద్యోగం వచ్చి ఉండేది.

"అన్నా..." అన్నాను.

"పాసింజర్ వచ్చిన్రు సార్. పెడుతున్న" అన్నారు. డిక్కీ తెరుచుకున్న చప్పుడు వినపడింది, తర్వాత లైను తెగిపోయింది.